మామయ్యకీ జ్వరం వస్తుంది

మా నీళ్ల ప్లాంటులో ఇరవై ఇద్దరం పనిచేస్తాం. నదిలోంచి నీళ్లు తోడే పంపులు, వాటిని శుభ్రం చేసే వడపోత తొట్లు, క్లోరిన్ కలిపే గది, పరీక్ష చేసే ల్యాబు, ఊరికి ఎత్తిపోసే పెద్ద ట్యాంకు, వీటన్నిటికీ మధ్యలో ఒక ఇరుకు గది. ఆ గదిలో నేనుంటాను. హాజరు, సెలవులు, సామాను, పైఆఫీసుకు వెళ్లే కాగితాలు నా పని. కుదురుగా కూర్చుని చేసే పని. నాకు కుదురు తక్కువని, నోరు ఎక్కువని ప్లాంటులో అందరూ అంటారు. వాళ్లు నా వెనక అంటారు, నేను ఏదన్నా మొహం మీదే అంటాను, అంతే తేడా.

ఆ ఏడు కొత్తరకం ఫ్లూ సంగతి వార్తల్లో మొదలైంది. ముందు ఎక్కడో దూరదేశంలో అన్నారు. రెండు వారాలకు, అదిగో ఇటే వస్తోంది అన్నారు. మా పైఆఫీసుకు ముచ్చెమటలు పట్టి ఒక ఉత్తరం పంపింది. పదిమందిలో నలుగురు ఒక్కసారే పడకేసినా పని ఆగకుండా ప్రతి సంస్థా ఇప్పుడే సిద్ధపడాలట. ఎవరు రాకపోతే వాళ్ల పని ఎవరు చేస్తారో రాసి గురువారంలోగా పంపాలట. ఉత్తరం వెనక ఒక పట్టిక. ఎడమవైపు పని పేరు, కుడివైపు ఖాళీ గడి.

మా సూపరింటెండెంటుకు మేం పెట్టుకున్న పేరు చూద్దాంసారు. గోడ కూలుతోందని చెప్పినా "చూద్దాం" అనే రకం. మనిషి మంచివారే, ఒకరి జోలికి పోరు. తన బల్ల మీద ఏ కాగితమూ రెండు పూటలకు మించి ఉండకూడదన్నది ఒక్కటే ఆయన కోరిక. ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టారు.

"ఈ గడులు నింపేసి పంపేయండమ్మా."

"నింపాలంటే అందర్నీ అడగాలి సార్."

"అడగండి. సాయంత్రానికి అయిపోతుందిగా?"

అడిగాను. ఇరవై రెండు చీటీలు చింపి తలా ఒకటి ఇచ్చాను. నువ్వు రెండు వారాలు జ్వరంతో రాకపోతే నీ పని చేసేదెవరు? ఒక్కటే ప్రశ్న. నాదీ ఒక చీటీ రాసి డబ్బాలో వేశాను. మధ్యాహ్నం దాటాక చీటీలు విప్పడం మొదలుపెట్టాను.

పంపులవాళ్లు రాసింది, చెవులాయన. వడపోత తొట్లవాళ్లు రాసింది, చెవులాయన. క్లోరిన్ గది, చెవులాయన. ల్యాబు అమ్మాయి చదువుకున్న పిల్ల కాబట్టి గుండ్రటి అక్షరాలతో "చెవులాయన గారు" అని మర్యాదగా రాసింది. ఆవరణ ఊడ్చే ఆవిడా ఆయన్నే రాసింది. చూద్దాంసారు చీటీలోనూ ఆయనే. అది చూసి నాకు నవ్వాగలేదు, ఆ చెవులాయనకు సంతకం పెట్టడం తప్ప పైఆఫీసు కాగితం ఎటు తిప్పి చదవాలో కూడా తెలియదు. చివర్నుంచి రెండో చీటీ విప్పేసరికి నా నవ్వు ఆగిపోయింది. అది నా చీటీ. పొద్దున్న ఆలోచన లేకుండా నేను రాసింది కూడా ఆ పేరే.

మిగిలింది ఆయన చీటీ. పెన్ను గట్టిగా నొక్కి రాశాడు: "నేను రాకపోవడం అంటూ ఉండదు."

ఆ చెవులాయన మా మామయ్య. అమ్మకు స్వయానా తమ్ముడు. పంపు ఒంటికి ఒక చెక్క కడ్డీ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, లోపల బేరింగు ఇంకెన్ని రోజులు ఆగుతుందో చెప్పేస్తాడు. అందుకే ఆ పేరు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కరోజు మానలేదు. గేటు పక్కన గోడకు ఆయన ఫొటో ఉంది, కింద "ఒక్కరోజూ మానని మనిషి" అని రాసి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు ముందు ఆ ఫొటోనే చూపిస్తాం. తొడుక్కున్న చొక్కాకు ముడత ఉండదు, పంపులగదిలో ఆయన పెట్టె తాళానికి తుప్పు ఉండదు. ఆ పెట్టెలో ఏముందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

రెండేళ్ల కిందట వానల్లో ఆయనకు జ్వరం తగిలింది. నూట మూడు. క్లోరిన్ సిలిండరు మార్చాల్సిన రోజు అది. మార్చడం ఇంకెవరికీ చేతకాదని, అత్తయ్య కాళ్లావేళ్లా పడుతున్నా వినకుండా వచ్చాడు. సిలిండరు మార్చి, వడపోత తొట్ల మెట్లు ఎక్కుతూ కుప్పకూలాడు. పదకొండు రోజులు ఆస్పత్రి. ఆ పదకొండూ తనకు రావలసిన సెలవులేనని, కాబట్టి మానినట్టు కాదని వాదించి ఫొటో కింద మాట అలాగే ఉంచుకున్నాడు. ఊపిరితిత్తుల్లో ఒకటి సగమే పనిచేస్తోందని, ఇంకోసారి ఇలాంటిది వస్తే తాను హామీ ఇవ్వలేనని డాక్టరు చెప్పాడు. ఆయన తిరిగొచ్చిన రోజున మేమందరం చప్పట్లు కొట్టాం. జ్వరంలోనూ డ్యూటీకి వచ్చాడని చూద్దాంసారు పొగిడితే ఇంకా గట్టిగా కొట్టాం. నేనూ కొట్టాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

చీటీలన్నీ పట్టుకెళ్లి చూద్దాంసారు ముందు పరిచాను.

"ఏముందమ్మా ఇందులో? అందరికీ ఆయన మీద అంత నమ్మకం. మంచిదేగా."

"సార్, తొమ్మిది మంది పడకేస్తే ఒక్క మనిషి తొమ్మిది చోట్ల నిలబడాలి. ఆ ఒక్కడే పడకేస్తే?"

"ఆయన మానడుగా."

"అదే సార్ నా భయం. మానడు. జ్వరంతో వస్తాడు. మిగతావాళ్లకు అంటిస్తాడు. ఈసారి మెట్ల మీద పడితే లేవడు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రతి గడిలో 'తగిన మనిషి ఉన్నాడు' అని రాసేయండి. అబద్ధం కాదుగా. ఉన్నాడుగా."

"కింద 'సరిచూశాను' అని సంతకం పెట్టాల్సింది నేను. పెట్టను."

"పెట్టరా?"

"పెట్టను సార్. లేదా ఉన్నదున్నట్టు రాసి పెడతాను. ఇరవై రెండు పనులకు ఒకే మనిషి, ఆ మనిషికి ఊపిరితిత్తి సగమే ఉంది అని. సూపరింటెండెంటు గారి పని కూడా ఆయనే చేస్తాడని మొదటి గడిలోనే ఉంటుంది. ఏది పంపమంటారు?"

మొహం మాడిపోయింది ఆయనకు. చూద్దాం అనబోయి, గురువారం గుర్తొచ్చి ఆగారు. "ఏం చేయమంటారు మీరు?"

అప్పటికే నేను ఆలోచించి పెట్టుకున్నాను. ఒక్కరోజు ఉత్తుత్తి జ్వరం. ఉదయం షిఫ్టులో పన్నెండు మందికి అయిదుగురు ఇంట్లో ఉంటారు. నలుగుర్ని చీటీ తీసి ఎంచుతాం. అయిదో మనిషి మామయ్య, ఆయనకు చీటీ అక్కర్లేదు. మిగిలిన ఏడుగురూ ఆ పూట ఊరికి నీళ్లివ్వాలి. ఇవ్వలేకపోతే ఎక్కడ ఆగిపోయామో రాసుకుంటాం. ఫోన్లో మామయ్యను అడగడం ఉండదు, గోడ అవతల నుంచి కేకలు ఉండవు.

"ఏదైనా జరిగితే పూచీ ఎవరిది?" అన్నారు.

"నాదని రాసిస్తాను."

రాయించుకున్నారు. ఆ కాగితం మాత్రం రెండు పూటలు కాదు, భద్రంగా బీరువాలో పెట్టుకున్నారు.

మామయ్యకు చెప్పడం ఇంతకంటే కష్టమని తెలుసు. ఇంటికే వెళ్లాను. ఆయన కుర్చీలో కూర్చుని రేడియో బాగుచేస్తున్నాడు. విషయం చెప్పేసరికి చేతిలోని మర కిందపడింది.

"నన్ను గేటు బయట నిలబెడతావా? నువ్వు?"

"ఒక్క పూట మామయ్యా."

"నీకు ఈ ఉద్యోగం వచ్చిన రోజు చెయ్యి పట్టుకుని గేటు లోపలికి తీసుకెళ్లింది ఎవరు?"

"నువ్వే."

"మరి?"

"నీకు జ్వరం వస్తే మంచంలో పడుకోవాలి. అంతే నాకు కావలసింది. ఇప్పుడు నువ్వు పడుకోవాలన్నా వీళ్లు పడుకోనివ్వరు. ఇరవై ఒక్క మంది నీ పేరు రాశారు. అది గౌరవం అనుకుంటున్నావు. నిన్ను నిలువునా తినేయడం అది."

"నేను లేకపోయినా నడుస్తుందని చూపించాలని నీ తాపత్రయం."

"అవును. అదే చూపించాలని."

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. అత్తయ్య గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి నొక్కింది. "కోపం నీ మీద కాదే. అన్నీ తెలిసినాయన అని అందరూ అంటుంటే అలాగే బతికేశారు. ఇంకొకడికి తెలిస్తే ఇక తనెవరూ కాదేమోనని భయం" అంది. ఆ మాట విన్నాక నా కోపం సగం దిగింది. పట్టుదల మాత్రం దిగలేదు.

ఉత్తుత్తి జ్వరం రోజున మామయ్య ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఏడింటికల్లా వచ్చాడు. గేటు తాళం నా గుప్పిట్లో ఉంది. ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. లోపల ల్యాబు అమ్మాయి క్లోరిన్ గదికి వెళ్లింది. ఫిట్టరు పంపుల దగ్గర నిలబడ్డాడు. ఇతనికి చిన్నప్పుడెప్పుడో గొంతు బొంగురుపోయింది, అందుకని బొంగురు అంటాం. వాల్వులు తిప్పే మనిషిని వడపోత తొట్ల మీద పెట్టాను. తొమ్మిదింటి దాకా అంతా సవ్యంగా నడిచి నాకు కాస్త గర్వం కూడా వచ్చింది.

తొమ్మిదిన్నరకు రెండో పంపు శబ్దం మారింది. నాకు తెలియలేదు. రోడ్డు అవతల కూర్చున్న మామయ్యకు తెలిసింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచాడు.

"గాలి పట్టింది! రెండోది! ఆపమను!"

నేను గేటు కడ్డీల దగ్గరికి పరుగెత్తాను. "మామయ్యా, అరవకు. నువ్వు మంచంలో ఉన్నావు. నీకు నూట రెండు జ్వరం."

"జ్వరం నాకు కాదే, నీ బుర్రకి! ఆపకపోతే కాలిపోతుంది!"

"బొంగురుకు తెలియాలి. తెలిసేదాకా ఆగు."

చూద్దాంసారు గదిలోంచి ఊడిపడ్డారు. ఆయన పరుగెత్తగా నేను చూడడం అదే మొదలు. "గేటు తీయండమ్మా! ఆయన్ని రానివ్వండి! ఊరికి నీళ్లు ఆగిపోతాయి!"

"పోనివ్వండి సార్. గంట పోతే ఏం కాదు. నిజంగా ఆయన మంచంలో ఉన్నరోజు పోతే రోజంతా పోతాయి."

"నేను ఆర్డరేస్తున్నాను!"

"కాగితం మీద వేయండి. అప్పుడు తీస్తాను."

కాగితం అనగానే ఆయన కాళ్లు ఆగిపోయాయి. ఇంతలో బొంగురు పంపు ఆపేశాడు. మీటరు ముల్లు పడిపోవడం చూసి తనకు తానే ఆపాడు. గాలి తీయాలంటే పంపు నెత్తిన ఒక చిన్న మర విప్పాలి. దానికి ప్రత్యేకమైన స్పానరు కావాలి. అది ఎక్కడుందని అందరూ గదంతా వెతికారు. చివరికి ల్యాబు అమ్మాయి అంది, "ఆయన పెట్టెలో ఉంటుంది." పెట్టెకు తాళం. తాళంచెవి రోడ్డు అవతల మామయ్య జేబులో.

ముప్పై ఒక్క ఏళ్లుగా ప్లాంటులో ఉన్న ఒకే ఒక్క స్పానరుకు తాళంచెవి ఒక మనిషి జేబులో ఉందన్నమాట. ఎవరూ దొంగలు కారు, ఎవరూ సోమరులు కారు. ఆయన ఎప్పుడూ ఉంటాడు కదా అని ఎవరూ అడగలేదు, అంతే.

మామయ్య తాళంచెవి తీసి కడ్డీల్లోంచి చెయ్యి చాపాడు. "తీసుకో."

తీసుకోవాలనే అనిపించింది. కానీ నిజంగా జ్వరం వచ్చిన రోజున ఆ చెయ్యి ఇక్కడ ఉండదు. నేను వెనక్కి తిరిగి బొంగురుతో గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాను.

"తాళం పగలగొట్టు."

సుత్తి దెబ్బలు నాలుగు పడ్డాయి. ఒక్కొక్క దెబ్బకూ మామయ్య మొహం నేను చూడలేకపోయాను. లోపల స్పానర్లు, గుడ్డముక్కలు, ఆయన తన చేత్తో గీసుకున్న పైపుల బొమ్మలు, ఏ వాల్వు ఎటు తిప్పాలో రాసుకున్న చీకిపోయిన నోట్‌బుక్ ఒకటి. మూడో తొట్టి వాల్వు మిగతావాటికి ఎదురువైపు తిరుగుతుందని అందులో రాసి ఉంది. వాల్వుల మనిషి అప్పటికే దాన్ని రెండుసార్లు తప్పువైపు తిప్పి చెమటలు కక్కుతున్నాడు. పంపు మళ్లీ మొదలయ్యేసరికి యాభై నిమిషాలైంది. పైవీధులకు ముప్పావుగంట నీళ్లు లేవు.

గేటు దగ్గరికి వచ్చి చూస్తే బల్ల ఖాళీగా ఉంది. తాళంచెవి గేటు కడ్డీ మీద పెట్టి వెళ్లిపోయాడు.

తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. డ్యూటీకి వచ్చేవాడు, హాజరు నా ముందే వేసేవాడు, పక్కకు చూసి వెళ్లిపోయేవాడు. మొండితనం మా వంశంలోనే ఉంది, నేనూ పలకరించలేదు. ఆ తొమ్మిది రోజుల్లో నేను చేయాల్సింది చేశాను. ఉత్తుత్తి జ్వరం రోజున ఎక్కడ ఆగిపోయామో ఉన్నదున్నట్టు రాసి పైఆఫీసుకు పంపాను. ప్రతి స్పానరుకూ రెండోది తెప్పించి గోడకు తగిలించాను. పైపుల బొమ్మలు పెద్దవిగా గీయించి ప్రతి గదిలో అంటించాను. క్లోరిన్ ఎనిమిది వారాలకు సరిపడా నిల్వ చేయించాను. రెండు షిఫ్టులవాళ్లు ఎదురెదురు పడకుండా రాకపోకలకు చెరో దారి పెట్టాను, లోపలివాళ్లు చెప్పాల్సింది అద్దం అవతల నుంచి ఫోనులో చెప్పాలి. జ్వరం ఉన్నవాడు ఇంట్లో ఉండాలి, ఎందుకు రాలేదని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఈ చివరిదానికి చూద్దాంసారు సంతకం కోసం మూడుసార్లు వెంటబడ్డాను. నాలుగోసారి ఆయనే నన్ను చూసి సంతకం పెట్టేశారు.

గోడ మీది ఫొటో కూడా దించేశాను. దాని గురించి ప్లాంటులో నానా గొడవా అయింది. బొంగురు కూడా "అది మాత్రం అన్యాయం మేడం" అన్నాడు. "మానకపోవడం గొప్ప అని రాసిపెట్టి, జ్వరమొస్తే మానండని చెబితే ఎవడు వింటాడు?" అన్నాను. కొట్లాడి కొట్లాడి అలిసిపోయారు.

పదో రోజు పంపులగదిలో కేకలు వినిపించి పరుగెత్తాను. మామయ్య. ల్యాబు అమ్మాయి చేతిలో చెక్క కడ్డీ ఉంది, ఆయన ఆ పిల్ల మీద నిప్పులు కక్కుతున్నాడు.

"చెవికి ఆనించమంటే అద్దకమ్మా, ఆనించు! అదిగో, ఆ కిరకిర వినపడుతోందా? అది ఎండిపోయిన బేరింగు. మూడు రోజులు ఆగుతుంది. కిరకిర కాస్తా గరగర అయిందనుకో, మూడు గంటలు ఆగదు. ఆపేయాలి. ఎవడు వద్దన్నా ఆపేయాలి. తెలిసిందా?"

"తెలిసిందండీ."

"ఏం తెలిసింది? చెప్పు!"

చెప్పింది. తప్పు చెప్పింది. మళ్లీ కేకలు. నన్ను చూసి ఆయన మొహం తిప్పుకున్నాడు, కానీ మాట మాత్రం నాకే తగిలేలా అన్నాడు. "తాళాలు పగలగొట్టడం చేతనైతే సరిపోదు. వినడం నేర్చుకోవాలి. రేపటి నుంచి ఒక్కొక్కర్నీ నా దగ్గరికి పంపమను, ఆ గదిలో కూర్చునే ఆవిడని."

ఆ గదిలో కూర్చునే ఆవిడ కూడా వెళ్లింది. పంపు శబ్దం పట్టడం, వడపోత తొట్టి కడగడం నేర్చుకుంది. అన్ని తిట్లు ఎప్పుడూ తినలేదు. అయిదు వారాలు తిరిగేసరికి ప్రతి పనికీ ముగ్గురేసి మనుషులయ్యారు.

ఆరో వారంలో ఫ్లూ మా ఊళ్లోకి వచ్చింది. మొదటి వారం ఇద్దరు, రెండో వారానికి ఎనిమిదిమంది పడకేశారు. పక్క ప్లాంటులో నీళ్లాగి ట్యాంకర్లు పెట్టారని తెలిసింది. మా కుళాయిలు ఆగలేదు. నేను రోజూ గేటు దగ్గర నిలబడి వేడి చూసే పరికరం ప్రతి నుదుటికీ పెట్టేదాన్ని. మూడో వారం సోమవారం అత్తయ్య ఫోన్ చేసింది. మామయ్యకు నూట రెండు. చొక్కా ఇస్త్రీ చేయమంటున్నాడు.

"ఇస్త్రీపెట్టె దాచెయ్ అత్తయ్యా. గేటు దాకా వచ్చినా తీయనని చెప్పు."

"చెప్పాను. నువ్వు తీయవని ఆయనకీ తెలుసు. అయినా చొక్కా కావాలంటున్నారు."

ఆ రోజు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రోజూ మధ్యాహ్నం నేను మందులు, పళ్లు తీసుకెళ్లి వాళ్ల కిటికీ బయట పెట్టేదాన్ని. మాస్కు పెట్టుకుని కిటికీ అవతలే నిలబడేదాన్ని. ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు. ఊపిరి బరువుగా వినపడేది. పంపు శబ్దం పట్టడం ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని కాబట్టి, ఆ ఊపిరిలో కిరకిర కాస్తా గరగర అవుతోందేమోనని చెవి రిక్కించేదాన్ని. డాక్టరు ఒకటే మాట చెప్పాడు. కదలకుండా ఉంటే గట్టెక్కుతాడు.

అయిదో రోజు. నేను కిటికీ దగ్గర ఉండగానే మంచం పక్కన ఫోను మోగింది. అత్తయ్య స్పీకరు పెట్టింది. చూద్దాంసారు గొంతు. నేను బయటికి వెళ్లిన సమయం చూసుకుని నేరుగా ఆయనకే చేశారు.

"పెద్దాయనా, ఎలా ఉన్నావు? ఒక్క గంట. ఒకే ఒక్క గంట వచ్చి వెళ్లు. కారు పంపిస్తాను. మాస్కు పెట్టుకో. మూడో పంపు శబ్దం మారింది. వీళ్లేమో ఆపేయాలంటున్నారు. ఆపితే పైవీధులన్నిటికీ నీళ్లుండవు, జనం నన్ను పీక్కు తింటారు. నువ్వొచ్చి ఒక్కసారి విని చెప్పు."

నా రక్తం ఉడికిపోయింది. కిటికీ చువ్వలు పట్టుకుని అరవబోయాను. మామయ్య చెయ్యెత్తి నన్ను ఆగమన్నాడు. అత్తయ్య వీపుకు దిండు పెట్టింది. లేచి కూర్చోవడానికే ఆయనకు చాలాసేపు పట్టింది.

"ఎవరున్నారు సార్ అక్కడ?"

"ఆ ల్యాబు అమ్మాయి. బొంగురు."

"ఆ పిల్ల కడ్డీ పెట్టి విందా?"

"విన్నదట. గరగర అంటోందట. ఆపేసి బేరింగు మార్చాలట. చిన్నపిల్ల, దాని మాట మీద ఊరికి నీళ్లాపుతామా? నువ్వు..."

"ఆపేయండి సార్."

"అది కాదు పెద్దాయనా, నువ్వు వచ్చి..."

మామయ్యకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా అవతల చూద్దాంసారు ఏదో బతిమాలుతూనే ఉన్నారు. మామయ్య కిటికీ వైపు చూశాడు. నన్నే చూశాడు. తాళం పగలగొట్టిన రోజు తర్వాత నా కళ్లలోకి సూటిగా చూడడం అదే.

"నాకు జ్వరం సార్. రాను."

ఆ మాట ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు, చూద్దాంసారుకు అర్థం కావడానికి టైము పట్టింది.

"రావా?"

"రాను. ఆ పిల్ల చెప్పినట్టు చేయండి. మళ్లీ నాకు ఫోన్ చేయకండి."

అత్తయ్య ఫోను కట్టేసింది. ఆయన కిందికి జారి దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు. కళ్ల కొసల్లో నీళ్లు ఉన్నాయి, తుడుచుకునే ఓపిక లేదు. "ఇక్కడేం చేస్తున్నావే? పో, అక్కడ ఫోన్లు ఎవరు ఎత్తుతారు?" అన్నాడు నాతో.

వెళ్లాను. మూడో పంపు ఆపేశారు. పైవీధుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అన్నీ నేనే ఎత్తాను, ఒక్కటీ చూద్దాంసారు దాకా పోనివ్వలేదు, ఆయన మీద జాలితో కాదు, భయపడి పంపు మళ్లీ వేయిస్తారని. ఒకావిడ బూతులు తిట్టి, "మీ దగ్గర పని తెలిసినవాళ్లు ఎవరూ లేరా?" అంది. "ఉన్నారండీ. పని తెలుసు కాబట్టే ఆపారు. నాలుగింటికి వస్తాయి, అప్పటిదాకా తిట్టండి, వింటాను" అన్నాను.

నాలుగుకు పది నిమిషాలుందనగా వచ్చాయి. ల్యాబు అమ్మాయి మోచేతుల దాకా గ్రీజుతో నా గది గుమ్మంలో నిలబడి ఏడుస్తూ నవ్వింది.

ఆ వెనకే అత్తయ్య ఫోను. వాళ్లదీ పైవీధే.

"కుళాయి వచ్చిందే. వాళ్లే బాగుచేశారటగా? ఆయన మంచి నిద్రలో ఉన్నారు, అయిదు రోజుల్లో ఇప్పుడే కాస్త కునుకు పట్టింది. లేపి చెప్పనా?"

"వద్దత్తయ్యా. పడుకోనీ."